గోడల్లేని బండి

"నేనా మాట అన్లేదే!"

కోటేశ్వర్లు ఈ ముక్క ఎవరితో అన్నాడో ఆయనకే తెలియదు. ఎదురుగా బల్ల మీద చెక్కిలాల డబ్బా ఉంది. కిటికీ అవతల వాడరేవు వెనక్కి పోతోంది. లోపలే వంటగట్టు, పరుపు ఉన్న మోటార్ హోమ్ తోలుతున్న తమ్ముడు లక్ష్మణ్ వీపు నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ వీపుతో ఆయన మాట్లాడి ఆరేళ్లయింది.

మధ్యలో నిలబడి ఉంది లక్ష్మణ్ భార్య వాసవి. ఒక చెయ్యి వంటగట్టు మీద, ఇంకో చెయ్యి పైన కడ్డీ మీద.

జరిగింది ఇంతే. కోటేశ్వర్లు, "వానికి చెప్పమ్మా, ఇది మన సరుకు ఆటో కాదు. అమ్మ నడుము విరిగేటట్టుంది, గుంతలు చూసి తోలమను" అన్నాడు. వాసవి నాలుగడుగులు ముందుకు వేసి, "ఏమండీ, రోజూ మీరే తోలుతున్నారు కదా, కాసేపు ఆపి టీ తాగుదామంటున్నారు బావగారు" అంది.

ఆరేళ్లుగా ఆమె చేస్తున్న పనే ఇది. కాకపోతే ఇంతకాలం మార్కాపురంలో చేసింది.

అక్కడ ముందు పలకల దుకాణం, దాని వెనక గోడౌను, ఆ వెనక నడవా, నడవా దాటాక ఇల్లు. ఇంట్లో కుడివైపు అన్న సంసారం, ఎడమవైపు తమ్ముడి సంసారం. దుకాణంలో కోటేశ్వర్లు నోట బయలుదేరిన మాట గోడౌన్లో లక్ష్మణ్ చెవికి చేరాలంటే పేర్చిన పలకల కట్టల మధ్య సందులోంచి పోవాలి. ఆ సందులో వాసవి మాటకున్న ముళ్లన్నీ ఏరేసేది. "ఆ సోమరిపోతు లేచినాడా?" అని బయలుదేరింది, "ఒంట్లో బాగుందా అని అడుగుతున్నారు" అయి చేరేది. అటునుంచి "ఆయనకేం, గల్లాపెట్టె ముందు కూర్చోవడమే కదా పని" అనేది, "ఎండలో తిరగొద్దన్నారు బావగారూ" అయి తిరిగొచ్చేది. ఇద్దరికీ ఎదుటివాడు మరీ అంత చెడ్డవాడు కాదనిపించేది. నేరుగా మాట్లాడేంత మంచివాడనీ అనిపించేది కాదు, అది వేరే సంగతి.

ఈ బండిలో సందు లేదు, నడవా లేదు. లోపల మొత్తానికి ఒకటే తలుపు, అది టాయిలెట్‌ది. అన్న అన్నది తమ్ముడు విన్నాడు, వాసవి చెప్పింది అన్న విన్నాడు. బయలుదేరిన రోజు నుంచీ ఆమె ఇంజను చప్పుడు చాటున ఎలాగో నెట్టుకొచ్చింది. ఇవాళ ఇంజను చప్పుడు సరిపోలేదు.

లక్ష్మణ్ వెనక్కి తిరగలేదు. అద్దంలోంచి చూశాడు.

"ఆయనకు చెప్పు" అన్నాడు. "తోలడం అంత వచ్చిన మనిషైతే వచ్చి తోలమను. నేను పోయి చెక్కిలాలు తింటా కూర్చుంటా."

వాసవి ఇటు తిరిగింది. కోటేశ్వర్లు ఆమెనే చూస్తున్నాడు. కోపంగా కాదు. ఇప్పుడు ఈ మాటను ఏం చేసి తనకిస్తుందోనని చూస్తున్నాడు.

"చెప్పు వాసవీ. మీ బావగారు వింటున్నారు" అంది సుగుణ. ఆమె పెద్ద కోడలు. బత్తాయి వలుస్తున్న చేతులు ఆపి మరీ అంది. గొడవ మొదలైన కొత్తలో ఈ మాటలు మోసే పని ముందు ఆమెకే వచ్చింది. రెండు రోజులు మోసి, నాకు చేతకాదు పొమ్మని దులిపేసుకుంది. అలాంటివాళ్లు సుఖపడతారు.

వాసవి కడ్డీ మీది చెయ్యి మార్చుకుంది.

"నాకు టీ కావాల" అంది వెనక పరుపు మీద నుంచి ఇందిరమ్మ. అన్నదమ్ముల తల్లి. "ఎవురు అన్నా అనకపోయినా నాకు టీ కావాల. ఆపండి బండి."

ఆమె మాట మోయడానికి ఎవరూ అక్కర్లేదు. బండి ఆగింది.

*

సరుగుడు తోట పక్కన నీడలో బండి పెట్టారు. కోటేశ్వర్లు దిగి బండి తోక వైపు పోయి నిలబడ్డాడు. లక్ష్మణ్ దిగి బండి మొహం వైపు పోయి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే సముద్రాన్ని చూస్తున్నారు గానీ ఎవరి ముక్క వాళ్లది.

గొడవకు పెద్ద కారణమేమీ లేదు. కొమరోలు నుంచి ఒక బడి పంతులు పలకలు కొనడానికొచ్చి, రాతిపలక మంచిదా రేకుపలక మంచిదా అని లక్ష్మణ్‌ను అడిగాడు. గల్లాపెట్టె దగ్గరి నుంచి కోటేశ్వర్లు, "వాణ్ణి అడగొద్దు సార్, వానికేం తెలీదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పంతులు కూడా నవ్వాడు. అప్పటికి లక్ష్మణ్‌కు నలభై ఏళ్లు, పలకల మధ్యే పుట్టి పెరిగినవాడు. చేతిలో ఉన్న పలకను కట్ట మీద పెట్టి గోడౌన్లోకి వెళ్లిపోయాడు. అంతే, ఆ తర్వాత అన్నతో మాట్లాడలేదు. కోటేశ్వర్లు ఒక వారం చూశాడు. తమ్ముడే మాట్లాడనప్పుడు నాకేం అవసరమని ఆయన కూడా మానేశాడు.

బండి లోపల వాసవి స్టవ్ మీద టీ పెట్టింది. కూతురు యశస్విని పక్కన నిలబడి గ్లాసులు తుడుస్తోంది. ఒంగోలులో డిగ్రీ చదువుతున్న పిల్ల. సెలవులని వచ్చి ఈ బండిలో ఇరుక్కుంది.

"అమ్మా, ఎప్పట్నుంచి మారుస్తున్నావు?"

"ఏంది మార్చేది?"

"నాకు చెప్పొద్దులే. పెదనాన్న గుంతలన్నాడు, నువ్వు టీ అన్నావు. నాయన చెక్కిలాలన్నాడు, నీకు నోరు పడిపోయింది. పలకల కొట్టోళ్లం కదమ్మా, చెరో పలక ఇస్తే రాసి చూపించుకుంటారు. నీకెందుకీ పని?"

వాసవికి నవ్వొచ్చింది. వెంటనే కళ్లల్లో నీళ్లొచ్చాయి. చక్కెర డబ్బా కోసమన్నట్టు అటు తిరిగింది.

"పలక మీద రాస్తే ఉన్నదున్నట్టు రాస్తారే" అంది. "అదే కదా భయం."

"ఈ ట్రిప్ కూడా నీ పనేనా?"

టీ పొంగింది. వాసవి మంట తగ్గించింది.

"అమ్మా!"

"మెల్లగా మాట్లాడు" అంది వాసవి. కిటికీలోంచి అటూ ఇటూ చూసింది. ఇద్దరు మగాళ్లూ దూరంగానే ఉన్నారు. సుగుణ అత్తగారిని పట్టుకుని చెట్ల మధ్య నడిపిస్తోంది. "ఆ పొద్దు మీ నాయన అన్నం ముందు కూర్చుని, ఇంక నావల్ల కాదు, వేరు పడదాం, నడవాలో గోడ పెట్టుకుందాం, పోయి చెప్పు అన్నాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా అన్నాడు. సరే, చెప్పేద్దామనే పోయినా. ఒట్టు, ఆ పొద్దు మార్చాలని లేదు. నేనూ విసిగిపోయినా."

"మరి?"

"మీ పెదనాన్న పగిలిన పలకలు ఏరతా ఉన్నాడు. నన్ను చూసి, నేను నోరు తెరవకముందే, వాడు తిన్నాడా అన్నాడు." వాసవి టీ వడపోస్తూ ఆగింది. "రోజూ అడగడు. ఆ పొద్దే అడిగినాడు. ఇంక ఎట్ల చెప్పేది? నోట్లోంచి అదే వచ్చింది. అందరం కలిసి యాడికన్నా పోదామంటున్నారు బావగారూ అన్నా. వాడే అన్నాడా, వాడేనా అని రెండుసార్లు అడిగినాడు. యాడికంట అన్నాడు. సముద్రానికంట అన్నా. నాకు వేరే ఊరి పేరు గుర్తు రాలేదు."

యశస్విని గ్లాసు కింద పెట్టేసింది. "నాయనకేం చెప్పినావు?"

"బావగారు ముందు అమ్మకు సముద్రం చూపిద్దామంటున్నారు, అందరం కలిసి పోదామంటున్నారు, మిగతాది వచ్చినాక మాట్లాడదామంటున్నారు అని చెప్పినా. మీ నాయన, ఆయనంతట ఆయన అడిగితే పోదాంలే అన్నాడు."

"అంటే ఎవ్వరూ అడగలేదు."

"ఎవ్వరూ అడగలేదు."

మోటార్ హోమ్ సంగతి మాత్రం కోటేశ్వర్లు సొంతంగా ఆలోచించిందే. ఇందిరమ్మకు మోకాళ్ల నొప్పులు, దానికి తోడు గంటకోసారి లేవాలి. కారైతే కుదరదని విజయవాడలో వాకబు చేయించి, లోపల టాయిలెట్ ఉన్న బండి అద్దెకు తెప్పించాడు. దుకాణానికి తాళం వేసేటప్పుడు ఆయన ఈల వేశాడు. ఆ ఇంట్లో కోటేశ్వర్లు ఈల వెయ్యగలడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"తెలిస్తే?" అంది యశస్విని.

"తెలిస్తే ఇంకేముంది. ఇంటికి పోయిన మర్నాడే ఇటుకలు దిగుతాయి. ముసలామె ఏ పక్క ఉండాలనే కాడికి వస్తుంది." వాసవి గ్లాసులు పళ్లెంలో పెట్టింది. "నన్నేమంటారోనని కాదు నాకు. అబద్ధమెందుకు, నన్నేమంటారోనని కూడా ఉంది. ఇన్నేళ్లు ఇద్దరినీ మోసం చేసింది ఇదేనంటారు. నిజమే కదా."

"నువ్వు మోసం చేయలేదమ్మా."

"మరేం చేసినా?"

యశస్విని పళ్లెం తీసుకుని దిగింది. ముందు పెదనాన్నకిచ్చింది, తర్వాత నాయనకిచ్చింది. ఇద్దరూ చక్కెర తక్కువైందన్నారు. ఆ మాట మాత్రం ఆ పిల్ల మార్చకుండా మోసుకొచ్చింది.

*

సమస్య టీతో తీరలేదు. ఇందిరమ్మ సముద్రంలో కాళ్లు పెడతానంది.

"వాడరేవులో పెట్టినావు కదమ్మా నిన్న" అన్నాడు లక్ష్మణ్.

"ఆ జనంలో ఏం పెట్టినా? ఎవురో నా కాలు తొక్కినారు. ఎవురూ లేని కాడ పెడతా."

రెండు మైళ్లు పోయాక తోటల మధ్య నుంచి సముద్రం వైపు ఒక బాట కనిపించింది. చివర్లో నాలుగు పడవలు, ఎండేసిన వలలు, ఆ వెనక నీలంగా నీళ్లు. మనిషి లేడు. ఇందిరమ్మ, "ఇదే" అంది.

లక్ష్మణ్ బండి తిప్పాడు. కొంతదూరం ఎర్రమట్టి గట్టిగానే ఉంది. ఆ తర్వాత బాట మధ్యలో ఇసుక మొదలైంది.

కోటేశ్వర్లు కిటికీలోంచి చూశాడు. వెనకాల చక్రాల గుర్తులు లోతుగా పడుతున్నాయి.

"ఇసుక మెత్తగుంది" అన్నాడు గాలితో. గాలి పట్టించుకోలేదు. "వాసవమ్మా, వానికి చెప్పు. ఇక్కడే ఆపమను. ముందుకు దిగొద్దు, కూరుకుపోతాది."

వాసవి లేచింది. ఈసారి ఒక్క అక్షరం కూడా మార్చదలుచుకోలేదు. నాలుగడుగులు వేసి, లక్ష్మణ్ సీటు వెనక నిలబడి, విన్నది విన్నట్టు చెప్పింది. "ఇక్కడే ఆపమంటున్నారు బావగారు. ముందుకు దిగొద్దంట. కూరుకుపోతాదంట."

లక్ష్మణ్ అద్దంలో ఆమెను చూశాడు.

"ఆయనన్నాడా, నువ్వన్నావా?"

వాసవికి చెంప మీద కొట్టినట్టయింది.

"ఆయనే అన్నారు. మీరూ వినే ఉంటారు."

"నాకు ఇంజను చప్పుడులో సరిగ్గా వినపడలేదు. నీకు మాత్రం అన్నీ వినపడతాయి. లేనివి కూడా వినపడతాయి. టీ తాగుదామని వినపడలేదా పొద్దున? పో, కూర్చో."

గేరు మార్చాడు. బండి పడవలు దాటి నీళ్ల వైపు పోయింది. ఆరేళ్లలో మొదటిసారి నిజం మోసుకొస్తే నమ్మినవాడు లేడు. వాసవి వెనక్కి వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. "ఇంక నేను ఎవరి మాటా మోయను" అనుకుంది. పైకి అనలేదు. అనాలని ఉంది, అరవాలని ఉంది.

వెనక చక్రం అప్పుడే దిగబడింది.

ముందు ఒక కుదుపు. తర్వాత ఇంజను గట్టిగా అరిచింది. బండి ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. చెక్కిలాల డబ్బా జారి కోటేశ్వర్లు ఒళ్లో పడింది. ఇందిరమ్మ, "వచ్చేసినామా?" అంది.

*

వల బాగు చేసుకుంటున్న ఏబేలు అనే పల్లెకారు మనిషి పడవ చాటునుంచి లేచి వచ్చాడు. బండిని చుట్టూ తిరిగి చూశాడు. "ఇంత పెద్ద బండి ఇక్కడికెందుకు దించారండీ?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఇద్దరి దగ్గరా జవాబుంది గానీ ఎవరూ చెప్పలేదు.

"బోట్లు లాగే ట్రాక్టరుందండి. అవతల రేవులో పనిలో ఉంది, కబురు పెడతాను. కానీ పోటు ఎక్కుతోంది. అది వచ్చేలోపు మీరే కొంచెం వెనక్కి తీసుకోగలిగితే మంచిది. నీళ్లు ఇక్కడిదాకా వస్తాయి." ఆయన కాలితో గీసిన గీత బండి ముందు చక్రాలు దాటి గట్టు వైపు ఉంది.

ఇందిరమ్మ ఇవేవీ వినలేదు. యశస్విని చెయ్యి పట్టుకుని నీళ్ల దాకా పోయింది. చీర పాదాల పైకి ఎత్తి నిలబడింది. వంగి చేతిలోకి నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకుంది. "మన బోరు నీళ్ల కన్నా అన్యాయంగా ఉన్నాయే ఇవి" అని ఉమ్మేసింది. ముఖం మాత్రం పెళ్లికి పోయినట్టుంది.

కోటేశ్వర్లు చొక్కా చేతులు మడిచాడు. యాభై రెండేళ్ల మనిషి, గల్లాపెట్టె ముందు కూర్చుని పెరిగిన పొట్ట. పడవల దగ్గర పడి ఉన్న పాత చెక్కలు రెండు మోసుకొచ్చి వెనక చక్రాల కింద చేత్తో ఇసుక తోడి పెట్టాడు. పంచె మోకాళ్ల దాకా తడిసింది. పని అయ్యాక బండి వెనక నిలబడి, అలవాటు ప్రకారం, "వానికి చెప్పమ్మా" అన్నాడు. "రివర్స్ వేసి మెల్లగా ఇవ్వమను. ఒకేసారి తొక్కొద్దని చెప్పు."

వాసవి బండి తలుపు దగ్గర నిలబడి ఉంది. అక్కడి నుంచి ఇద్దరూ కనిపిస్తారు.

ఆమె కదల్లేదు.

"వాసవమ్మా!"

ఆమె సముద్రం వైపు చూస్తూ నిలబడింది. అల ఒకటి వచ్చి ముందు చక్రాన్ని తాకి పోయింది.

"ఏంది, వినపడలేదా?" అంది సుగుణ.

"వినపడిందక్కా."

"మరి చెప్పు."

"మీరు చెప్పండక్కా."

సుగుణ తెల్లబోయింది. వాసవి ఆమెకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. అటు స్టీరింగు దగ్గర లక్ష్మణ్ కబురు కోసం చూసి చూసి విసిగిపోయాడు. అల మళ్లీ వచ్చింది. ఈసారి చక్రం చుట్టూ తిరిగి, కింద ఇసుకను కొంచెం తీసుకుపోయింది. ఆయనకు భయం పట్టుకుంది. రివర్స్ వేసి ఒక్కసారిగా తొక్కాడు.

చక్రం చెక్క మీద నుంచి జారింది. ఇసుక ఎగిరింది. బండి వెనక చక్రం పక్కనే వంగి చెక్కను సర్దుతున్న కోటేశ్వర్లు మొహం నిండా పడింది.

"ఆపురా! లక్ష్మణా, ఆపరా!"

ఇంజను ఆగిపోయింది.

సుగుణ చేతిలో పట్టుకున్న అత్తగారి చెప్పులు కింద పడ్డాయి. నీళ్లలో ఇందిరమ్మ వెనక్కి తిరిగింది. ఏబేలు మాత్రం తన మానాన తాను ఫోనులో ట్రాక్టరువాడితో మాట్లాడుతున్నాడు. అక్కడ ఏం జరిగిందో ఆయనకు తెలియదు.

లక్ష్మణ్ తలుపు తోసుకుని దూకాడు. వాసవి పక్కనుంచే పరుగెత్తాడు. అన్న రెండు చేతులతో కన్ను మూసుకుని ఇసుకలో కూర్చుండిపోయాడు.

"కంట్లో పడిందా? ఏదీ, చెయ్యి తియ్యి. నలపొద్దు, నలపొద్దంటుంటే!"

"మంటగుందిరా."

"నలిపితే మండదా మరి? నోరు మూసుకుని ఇటు తిరుగు."

లక్ష్మణ్ చొక్కా అంచు పట్టుకుని ఉండలా మడిచాడు. నోటి దగ్గర పెట్టి హా అని ఆవిరి ఊదాడు. అన్న గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం పైకెత్తి, కంటి మీద మెల్లగా అద్దాడు. మళ్లీ ఊదాడు, మళ్లీ అద్దాడు. చిన్నప్పుడు పలకలు కోసే చోట దుమ్ము కంట్లో పడితే వాళ్ల నాయన ఇద్దరికీ అలాగే అద్దేవాడు.

వాసవి చూస్తూ నిలబడింది. ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. చాలు, అనుకుంది. ఇసుక పడితే పడింది, బండి మునిగితే మునిగింది, ఇంతకన్నా ఏం కావాలి?

కోటేశ్వర్లు ఒక కన్ను తెరిచాడు. ఇంకో కన్ను తమ్ముడి చొక్కా అంచు కింద ఉంది.

"నువ్వు అడిగినావనే వచ్చినాన్రా" అన్నాడు.

లక్ష్మణ్ ఊదబోయి ఆగాడు. "ఏమడిగినా?"

"సముద్రానికి పోదామని. అందరం కలిసి. వాసవమ్మ వచ్చి చెప్పిన పొద్దు నాకు నిద్ర పట్టలేదు. మీ వదినను లేపి చెప్పినా, వాడే అడిగినాడే అని. అడుగు, ఆమెను అడుగు కావాలంటే." "ఇన్నేళ్లకు నువ్వు ఒకటి అడిగితే కాదంటానా? అందుకే ఇంత బండి తెచ్చినా."

వాసవి ఏడుపు ఆగిపోయింది.

"నేనడగలేదే" అన్నాడు లక్ష్మణ్ మెల్లగా. "నువ్వు కదా అడిగింది. నువ్వు అడిగినావని కదా నేను గోడౌను మూసి వచ్చింది."

"నేనా? నేనెప్పుడు అడిగినా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి తల తిప్పి బండి తలుపు వైపు చూశారు.

యశస్విని నానమ్మను పొడి ఇసుకలో కూర్చోబెట్టి పరుగెత్తుకొచ్చి తల్లి పక్కన నిలబడింది. చెయ్యి పట్టుకుంది.

కోటేశ్వర్లు లేచాడు. పంచెకంటిన ఇసుక దులుపుకోలేదు. వాసవిని అడిగాడు. కోపంగా అడిగితే బాగుండేది. మామూలుగా, ఎప్పుడూ పిలిచినట్టే పిలిచి అడిగాడు.

"వాసవమ్మా, ఆ పొద్దు వీడు ఏం చెప్పి పంపినాడు నీతో?"

జవాబు ఆమె నాలుక చివర్నే ఉంది. ఒకటి కాదు, ఇట్టే నాలుగు తయారయ్యాయి. అమ్మ మోకాళ్ల సంగతి మాట్లాడమన్నారని చెప్పొచ్చు. అమ్మను బయటికి తీసుకుపోదామన్నారని, సముద్రమనే మాట ఒక్కటే నేను కలిపానని చెప్పొచ్చు. నలిగిన చోట సర్దడం ఆమెకు వచ్చినంతగా ఎవరికీ రాదు.

లక్ష్మణ్‌ను చూసింది. ఆయన అన్న భుజం వెనక నిలబడి ఉన్నాడు. చొక్కా అంచు ఇంకా ఉండచుట్టి చేతిలోనే ఉంది. ఆయన తల చాలా కొద్దిగా అడ్డంగా ఊపాడు. వద్దు అన్నట్టు. ఆ గోడ మాట చెప్పొద్దు, మార్చు, ఈ ఒక్కసారి మార్చు అన్నట్టు. ఇందాక లేనివి కూడా వినపడతాయని వెక్కిరించిన మనిషే ఇప్పుడు కళ్లతో బతిమాలుతున్నాడు.

ఆమెకు జాలేసింది. కోపమూ వచ్చింది. కోపమే కొంచెం ముందుంది.

నేను చెబితే నమ్మేదెవరు, అనుకుంది.

కూతురి చెయ్యి విడిపించుకుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"నన్నెందుకు అడుగుతారు బావగారూ?" అంది. "పక్కనే ఉన్నారు కదా. ఆయన్నే అడగండి."

అల వచ్చి ముందు చక్రాలు రెండింటినీ దాటింది. ఏబేలు ట్రాక్టరు వస్తోందని అరిచి చెబుతున్నాడు. ఎవరూ అటు చూడలేదు. కోటేశ్వర్లు తమ్ముడి వైపు తిరిగాడు. ఒక కన్ను ఎర్రగా నీరు కారుతోంది, రెండోది నవ్వబోతున్నట్టుంది. మంచి మాటే వింటానని ఆయనకు నమ్మకం.

"ఏం చెప్పి పంపినావురా?" అన్నాడు.